నేను కోయించిన మెట్టు

మా లారీకి డ్రైవరు వైపు మూడు మెట్లున్నాయి. ఒకప్పుడు నాలుగుండేవి. ఆ నాలుగోదాన్ని కోయించింది నేనే. ఎవరో చెబితే కాదు. వద్దన్నవాళ్ళ మాట వినకుండా, పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని మరీ కోయించాను. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. చివరి దాకా దాచి చెబితే నన్ను నేను వెనకేసుకొచ్చినట్టు ఉంటుంది.

లారీ అంటే ఇసుకా ఇటుకా తోలేది కాదు. యుద్ధ ట్యాంకుల్ని వెనకాల బల్ల మీద ఎక్కించుకుని సరిహద్దు దాకా మోసుకుపోయిన సైన్యం బండి. పక్కన నిలబడితే టైరు నా ఛాతీ దాకా వస్తుంది. డ్రైవరు సీటు మా ఇంటి కిటికీ సన్‌షేడ్ ఎత్తున ఉంటుంది. ఎన్నేళ్ళు మోసిందో, ఎన్నిసార్లు దాని ఇంజను మార్చారో మాకు తెలియదు. దాని కాలం అయిపోయాక నంబరు చెరిపేసి తుక్కు కింద వేలం వేస్తే, చేతులు మారి మారి ఉప్పుగూడ రైలు పట్టాల అవతల ఉన్న ఒక పాత ఇనుము గోదాములోకి వచ్చి పడింది.

ఆ గోదాము ఓనర్ని అందరూ భాయ్ అనే పిలుస్తారు. తాతల నాటి నుంచీ వాళ్ళది పాత ఇనుము వ్యాపారమే. సాయంత్రం నడకకని వెళ్తుంటే గోడ మీదుగా ఆ లారీ ముక్కు కనబడి, ఉండబట్టలేక లోపలికి వెళ్ళాను. భాయ్ చేతిలో గ్యాసు కట్టర్ ఉంది కానీ మంట లేదు.

"మూడుసార్లు ముట్టించిన సాబ్, మూడుసార్లు బంద్ జేసిన," అన్నాడు, నేనేమీ అడక్కుండానే. "రైలు డబ్బాలు కోసిన, బాయిలర్లు కోసిన. దీని ముంగట నిలవడితే మా అబ్బాజాన్ ముంగట నిలవడ్డట్టుంటది. చెయ్యి లేస్తలేదు, హాత్ నహీ ఉఠ్‌తా."

"అయితే కొయ్యకండి," అన్నాను.

"కొయ్యకుంటే ఏం జెయ్యాలె?"

"బాగుచేద్దాం."

అంత తేలిగ్గా అనేశాను. నేను ప్రభుత్వ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. జీవితమంతా కాగితం మీద గీతలు గీశానే తప్ప స్పానరు పట్టింది లేదు. ఆ మాట భాయ్‌కి చెబితే, ఛత్రినాకలో డీజిల్ పంపులు బాగుచేసే మెకానిక్‌ని పిలిపించాడు. వయసులో నాకంటే చాలా చిన్న, కానీ ఊరంతా అన్నా అంటుంటే నేనూ అన్నా అనడం మొదలుపెట్టాను. ఆ అన్న లారీ చుట్టూ రెండుసార్లు తిరిగి, బానెట్ కింద తల దూర్చి, చేతులు తుడుచుకుంటూ, "ఇంజన్ బతికే ఉంది సార్, పండుకుంది గంతే," అన్నాడు. అలా మేం ముగ్గురం జతకట్టాం.

పని శుక్రవారాలు. ఆ రోజు భాయ్ గోదాము మూసేస్తాడు. నమాజు చేసుకుని ఆయన తాళం తీసేసరికి నేను గేటు దగ్గర ఉండేవాణ్ణి. అన్న తన షాపు పని సగంలో వదిలి స్కూటరు మీద వచ్చేవాడు. ఇంట్లో మా ఆవిడ, "అక్కడే ఓ మంచం వేసుకోండి, భోజనం క్యారేజీలో పంపిస్తాను," అని దెప్పేది. నిజమే, శుక్రవారం వస్తోందంటే నాకు బుధవారం నుంచే నిద్ర పట్టేది కాదు.

నాకు ముక్కు మీద కోపం. పైగా చాదస్తం. ఈ రెండూ కలిస్తే ఎదుటివాడి పని గోవిందా. ఎక్కడో దూరాన ఇలాంటి బండ్లనే కాపాడుకుంటున్న ఒకాయనకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి ఆ లారీ మాన్యువల్ జిరాక్సు తెప్పించాను. కట్టలు కట్టలు కాగితాలు. ప్రతి బోల్టుకూ, ప్రతి నట్టుకూ బొమ్మ వేసి ఉంది. ఇంక నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఫ్యాక్టరీ గేటు దాటినరోజు ఆ బండి ఎలా ఉందో అలాగే మళ్ళీ నిలబెట్టాలి, మాన్యువల్‌లో లేనిది బండిలో ఉండకూడదు అని నేనే రూలు పెట్టాను. విప్పిన ప్రతి ముక్కకూ రేకు చీటీ కట్టి డ్రమ్ములో దాచాలన్నది ఇంకో రూలు. ఏం విప్పామో, ఎందుకు విప్పామో ఒక నోట్‌బుక్‌లో బొమ్మతో సహా రాసేవాణ్ణి. "సార్ పెండ్లిపత్రిక రాసినట్టు రాస్తడు," అని అన్న ఎగతాళి చేసేవాడు. రాయకపోతే రేపు వచ్చేవాళ్ళకి ఎలా తెలుస్తుందని నేను కసురుకునేవాణ్ణి.

ఆ మెట్టు సంగతి డ్రైవరు వైపు తలుపుకు రంగు గీకుతుండగా వచ్చింది. ఆ వైపు ఫ్యాక్టరీ వాళ్ళు పెట్టినవి మూడు మెట్లు. కింది మెట్టుకు ఇంకా కింద, మోకాలి ఎత్తు కూడా లేనిచోట, ఒక ఇనప పట్టీ అతికించి ఉంది. జానెడు పొడుగు, నాలుగు వేళ్ళ వెడల్పు. లారీల కమాన్ కట్టలోని, అంటే బరువు మోసే స్ప్రింగులోని, పాత పట్టీ ముక్క. ముందు చక్రం వైపు అంచులో పాత బోల్టు బొక్క ఒకటి. మీద అంతా ఉలితో కొట్టిన గాట్లు. చూడ్డానికి బాగాలేదు. ఇస్త్రీ చొక్కాకు ఎవరో గోనెగుడ్డ మాసిక వేసినట్టుంది. అవతలి వైపు తలుపు కింద చూశాను, అక్కడ లేదు. మాన్యువల్ తిరగేశాను, అందులోనూ లేదు.

"కోసెయ్యాలి," అన్నాను.

అన్న కిందికి వంగి ఆ అతుకును వేలితో తడిమాడు. "ఇది జేసినోడు మామూలోడు గాదు సార్. కమాన్ పట్టీకి వెల్డింగ్ నిలవడది. రెండు దినాలల్ల పటుక్కుమంటది. ఇన్నేండ్లయినా దీనికి ఎంట్రుకంత పగులు లేదు."

"మంచి వెల్డింగే. కానీ ఇక్కడ ఉండాల్సింది కాదు."

"ఎవలో మనసు వెట్టి చేసిండు. ఉండనియ్ సార్, దీంతోటి నష్టమేంది?"

"మాన్యువల్‌లో చూపించు, ఉంచుతాను," అన్నాను. అంతే, ఆయన నోరు కట్టేశాను. భాయ్ వంక చూస్తే ఆయన, "మీరు చదువుకున్నోళ్ళు సాబ్," అని ఊరుకున్నాడు.

గ్యాసుతో కోస్తే కింది ఇనుము కాలి వంకరపోతుందని గ్రైండరు పట్టించాను. మధ్యాహ్నం మొదలుపెడితే ఎండ వాలేదాకా పట్టింది. మూడు కోత బిళ్ళలు పోయాయి. రెండు పగిలి ముక్కలయ్యాయి, మూడోది అరిగి అరిగి నాణెమంత మిగిలింది. చివరికి ఆ పట్టీ ఠంగుమని నేల మీద పడింది. అన్న అలవాటు ప్రకారం రేకు చీటీ తీయబోతే, "దీనికి చీటీ ఎందుకు, ఇది బండి ముక్క కాదుగా," అని నేనే కాలితో తుక్కు కుప్పలోకి నెట్టాను. తర్వాతి వారం ఆ కుప్ప లోడుకెక్కి ఫర్నేసుకు వెళ్ళిపోయింది. అది ఉన్నచోట ఆకురాయితో నున్నగా రాసి, రంగు కొట్టి, అరచెయ్యి ఆనించి చూసుకున్నాను. అక్కడ ఏదో ఉండేదని చేతికి కూడా తెలియలేదు. అంత బాగా చేశాను.

ఇంజను పలికింది ఆ తర్వాత కొన్ని నెలలకు. భాయ్ బిస్మిల్లా అన్నాడు, అన్న టైరు కింద నిమ్మకాయ పెట్టాడు, నేను మూడోసారి ఆయిలు కొలత చూశాను. ఎవరి భక్తి వాళ్ళది. బండి ఒక్కసారి ఒళ్ళు విదిలించుకుని, నల్లటి పొగ వదిలి, గోదాము రేకులన్నీ అదిరేలా అందుకుంది. మేం ముగ్గురం పిల్లల్లా నవ్వాం. భాయ్ తన ఫోన్‌లో వీడియో తీసి తెలిసినవాళ్ళందరికీ పంపాడు. అది చేతులు మారుతూ ఎంత దూరం వెళ్ళిందో గానీ, ఒకరోజు ఛత్రినాక నుంచి ఒకావిడ భాయ్‌కి ఫోన్ చేసింది. తన తండ్రి సైన్యంలో అలాంటి బండే తోలాడట. ఒక్కసారి తీసుకొచ్చి చూపించవచ్చా అని అడిగింది.

బోనాలు అయిపోయిన మరుసటి శుక్రవారం ఇద్దరూ ఆటోలో వచ్చారు. కూతురికే యాభై ఏళ్ళుంటాయి. తండ్రి ఎనభై దాటినవాడు. తెల్ల చొక్కా, ఇస్త్రీ మడతలు, కాన్వాసు బూట్లు. పొట్టివాడు, నా భుజం దాటడు. చూపు దాదాపు పోయిందని, నీడలు మాత్రం తెలుస్తాయని కూతురు చెప్పింది. ఆయన నమస్కారం పెట్టి, "బండి ఎటుంది?" అని అడిగాడు, అంతే. టీ వద్దన్నాడు, కుర్చీ వద్దన్నాడు.

అన్న ఆయన చెయ్యి పట్టుకుని లారీ ముందుకు తీసుకెళ్ళాడు. ఆయన బంపరు తడిమాడు, లైటు చుట్టూ ఉన్న కమ్మీ తడిమాడు. ముందు చక్రం బోల్టుల్ని ఒక్కొక్కటే వేలితో లెక్కపెట్టాడు. మేం వేసిన కొత్త రంగు ఎలా ఉందని అడుగుతాడేమో, చెబుదామని నేను వెనకాలే తిరుగుతున్నాను. ఆయన ఏమీ అడగలేదు. డ్రైవరు తలుపు దగ్గరికి రాగానే అన్న చేతిని వదిలించుకున్నాడు. ఎడంచెయ్యి పైకెత్తి, చూడకుండానే, తలుపు పక్కన ఉండే పట్టుకమ్మీని పట్టేసుకున్నాడు. కుడికాలు ఎత్తాడు.

ఆ కాలు గాల్లో ఆగింది. మోకాలికి కాస్త కింద. బూటు కొస ముందుకు జరిగింది, కాస్త పక్కకి జరిగింది, దేనికోసమో వెతికింది. అక్కడ ఏమీ తగల్లేదు. ఆయన కాలు దించి, మళ్ళీ ఎత్తి, మళ్ళీ వెతికాడు.

నాకు అర్థమైపోయింది. అన్న తల తిప్పి నా వంక చూశాడు. భాయ్ నేల చూపులు చూస్తున్నాడు.

ఆయన కమ్మీ వదిలేసి కూతురి వైపు తిరిగాడు. "కాదు బిడ్డా. ఇది మన బండి గాదు. పోదాం పా."

భాయ్ బతిమాలి, ఎండలో వచ్చారు, కనీసం చాయ్ తాగి వెళ్ళండని ఇద్దర్నీ కూర్చోబెట్టాడు. ఆయన సాసరులో పోసుకుని ఊదుకుంటూ తాగుతున్నాడు. కూతురే మాట్లాడింది. "ఇది నాలుగో బండి సార్. ఒకసారి రైలెక్కి గంత దూరం పోయినం, ఏదో గేటు ముంగట గిసొంటి బండి నిలవెట్టిండ్రంటే. ఎక్కడ విన్నా పోదాం అంటడు. ఇగ తిరిగే తాకత్ లేదు, ఇదే ఆఖరు అని ఒట్టు వెట్టించుకుని తీసుకొచ్చిన."

"అది మీ బండి అవునో కాదో ఎలా తెలుస్తుంది బాబాయిగారూ?" అన్నాను. ఎందుకు అడిగానో నాకే తెలియదు. జవాబు నాకు తెలుసు.

"నాకో గుర్తుంది," అన్నాడాయన. "మొదట్ల చెప్పేటోన్ని, గిట్ల ఉంటది అని. చెప్పంగనే, ఔ తాతా, గట్లనే ఉండె, గదే నీ బండి అనేటోళ్ళు. ముసలోడు ఖుషీ అయితడని. అందుకే చెప్పుడు బంద్ వెట్టిన. నా కాలుకు ఎర్క, అదే చెప్తది." సాసరు కింద పెట్టాడు. "గా బండి ఎప్పుడో కోసేసి ఉంటరు. ఇయ్యాల్టితోని దేవులాడుడు బంద్."

నేను నోరు మూసుకుని ఉండొచ్చు. ఉంటే ఎవరికీ ఏమీ తెలియదు. అన్న చెప్పడు, భాయ్ చెప్పడు, నా పరువు కాపాడతారు. ఆయన బండి లేదనుకుని ఇంటికి వెళ్ళిపోతాడు. నోరు తెరిస్తే, బండి ఉంది కానీ మీరు వెతికేది నేను తీసేశాను అని చెప్పాలి. ఏది ఎక్కువ బాధో నాకు తేల్చుకోవడం చేతకాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. కూతురు లేచి ఆయన చెయ్యి అందుకుంది. ఆయన లేస్తూ కూడా ఒకసారి లారీ వైపు మొహం తిప్పాడు. దాంతో ఇంక ఆగలేకపోయాను.

"బాబాయిగారూ, మీ కాలు వెతికింది అక్కడే ఉండేది," అన్నాను.

ఆయన నవ్వాడు, అలసిపోయిన నవ్వు. "మీరు మంచోళ్ళు సార్. మా బిడ్డ మాటలు విని మీకు మనసొప్పుతలేదు. నాకేం ఫికర్ లేదు. గట్ల అనకుండ్రి."

"నేను మంచివాణ్ణి కాదు. దాన్ని కోయించింది నేనే."

"దేన్ని?"

"కింది మెట్టు కింద అతికించిన ఇనప పట్టీని."

ఆయన కూతురి చెయ్యి వదిలి కూర్చున్నాడు. "ఏం పట్టీ?"

"కమాన్ పట్టీ ముక్క."

"దానికి బొక్క ఉండెనా?"

"ఉండేది. ముందు చక్రం వైపు అంచులో."

"మీదికెల్లి ఎట్లుండె?"

"ఉలి గాట్లు. అడ్డంగా కొట్టి, మళ్ళీ ఏటవాలుగా కొట్టారు."

ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు. "నీకు ఎవలు చెప్పిండ్రు?"

"ఎవరూ చెప్పలేదు. కోసేముందు బొమ్మ గీసి రాసుకున్నాను."

"ఏం రాసినవో చదువు."

నోట్‌బుక్ తెచ్చాను. అంతగా నాకు గర్వకారణమైన నోట్‌బుక్. ఆ పేజీ తీసి, ఆయన ముందు నిలబడి, బడిలో తప్పు చేసిన పిల్లాడిలా చదివాను. "డ్రైవరు వైపు మెట్టు కింద అతికించిన పనికిరాని ఇనప ముక్క. మాన్యువల్‌లో లేదు. కోసి తీసేశాం. చీటీ అక్కర్లేదు."

"పనికిరానిదని రాసిండ్రా సార్?" అంది కూతురు, చాలా నెమ్మదిగా.

"రాశానమ్మా."

"ముక్క ఏడుంది?" అన్నాడు తండ్రి.

"లేదండీ. ఫర్నేసుకు వెళ్ళిపోయింది."

పట్టాల మీద లోకల్ రైలు పోయింది. ఆయన తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండుననిపించింది. ఆయన మొహం అన్న నిలబడ్డ వైపు తిప్పి, "దేంతోని కోసిండ్రు? గ్యాసా?" అని అడిగాడు.

"కాదు బాపు, గ్రైండర్. సార్ గ్యాస్ వెట్టనియ్యలే."

"ఎంతసేపు పట్టింది?"

"నమాజ్ అయినంక మొదలువెట్టినం. ఎండ వాలింది. మూడు బిళ్ళలు పోయినయి."

"మూడా?"

"మూడు బాపు. రెండు పగిలినయి, ఒకటి అరిగింది."

ఆయన ముఖంలో మెల్లగా నవ్వు వచ్చింది. కళ్ళ నుంచి నీళ్ళు కూడా వచ్చాయి. తుడుచుకోలేదు. "బండి ఇరిగినా ఇది ఇరగది పొట్టోడా అన్నడు దీన్ని అతికినోడు. మూడు బిళ్ళలు తిన్నదంటే చూడు."

అప్పుడు చెప్పాడు. అలాంటి బండి మీద ఎప్పుడూ ఇద్దరుండేవాళ్ళట. ఒకడు తోలతాడు. రెండోవాడు వంతెనల దగ్గర, కల్వర్టుల దగ్గర దిగి, డ్రైవరు వైపు మొహం పెట్టి వెనక్కి వెనక్కి నడుస్తూ చేతుల్తో దారి చూపిస్తాడు. ఆ రెండోవాణ్ణి ఆయన జోడీదారు అన్నాడు. ఎక్కడివాడో దూరపు రాష్ట్రంవాడు, ఆరడుగుల మనిషి. ఈయన పొట్టి కాళ్ళకు కింది మెట్టు అందక రోజూ టైరు మీద కాలు పెట్టి పాకడం చూసి నవ్వేవాడట. ఒకరోజు ఈయన జారిపడి మోకాలు చితక్కొట్టుకున్నాడు. జోడీదారు ఆ సాయంత్రం విరిగిన కమాన్ పట్టీ ఒకటి వెతికి తెచ్చాడు.

"మొదలు ఇనుమును బ్లోల్యాంపుతోని వేడి జేసిండు," అని ఆయన అన్నకు చెప్పాడు, పనివాడికి పనివాడు చెప్పినట్టు. "అతుకుడు అయినంక ఎడారి ఇసుక కాల్చి, బస్తాల వోసి దాని చుట్టు కట్టిండు. తెల్లారేదాంక విప్పలే. మెల్లగ చల్లారాలె, లేకుంటే పగుల్తది అన్నడు."

"అందుకే నిలవడ్డది," అన్నాడు అన్న, తనలో తను అనుకుంటున్నట్టు.

"రెండేండ్లు దాని మీదనే కాలు వెట్టి ఎక్కిన. వానకాలం ఓ కల్వర్టు కాడ వాడు దిగి ముంగట నడుస్తుండు. రా, రా అని చేతులు ఊపుతుండు. నడుమల ఉన్నట్టుండి ఆపు అని చెయ్యి లేపిండు. నేను బ్రేక్ తొక్కిన. బండి ఆగింది. వాని కాళ్ళ కింద అంచు కూలి నీళ్ళల్ల వోయిండు. నాకు నిద్ర, తిండి లేకుంటయితే దవాఖానకు పంపిండ్రు, బండిని ఇంకొకలకు ఇచ్చిండ్రు. మల్ల చూడలే. వాని ఫొటో ఒక్కటి లేదు నా కాడ. వాని చేత్తోని చేసింది ఈ లోకంల గా పట్టీ ఒక్కటే ఉండె."

ఆ మాటకు నేను తల ఎత్తలేకపోయాను. ఉద్యోగంలో ఎన్ని తప్పులు దొర్లినా రబ్బరుతో చెరిపి మళ్ళీ గీసేవాణ్ణి. దీన్ని ఏం పెట్టి గీస్తాను? "నన్ను క్షమించండి బాబాయిగారూ," అన్నాను.

"నీకెట్ల ఎర్క సార్. బండిని మంచిగ జేద్దామనుకున్నవ్," అన్నాడాయన. ఆ దయ నాకు తిట్టు కంటే ఎక్కువ తగిలింది. "కోసేసి ఉంటరనుకున్న. ఉంది గదా. మస్తు తిరిగిన దీనికోసం."

భాయ్ లేచి గోదాము మూలకు వెళ్ళి ఒక కమాన్ పట్టీ పట్టుకొచ్చాడు. వెల్డింగ్ మిషను అక్కడే ఉంది. "చాచా, ఇప్పుడే లగాస్త. ఏ జాగల చెప్పు," అన్నాడు.

"వద్దు భాయ్," అన్నాడు ఆయన. "వాడు వెట్టింది వోయింది. నువ్వు వెడితే అది నీ మెట్టు అయితది. కానీ ఒక్కపారి ఎక్కాల్నని ఉంది."

"నాయినా, నీకు ఎనభై ఏండ్లు దాటినయి," అంది కూతురు. ఆయన అప్పటికే లేచి నడుస్తున్నాడు.

అన్న స్టూలు తెచ్చి తలుపు కింద వేశాడు. నేను కూర్చుని కోయించిన స్టూలే. ఆయన కుడికాలు దాని మీద పెట్టి, బరువు వేయకుండానే తీసేశాడు. "ఇది గాదు," అన్నాడు. నేను స్టూలు పక్కకు లాగేసి, ఆయన ముందు మోకాలు నేల మీద ఆనించి కూర్చున్నాను. రెండు చేతుల వేళ్ళూ బిగించి, ఆ పట్టీ ఉన్నచోట, కింది మెట్టు కింద పట్టాను. ఎక్కడుండేదో నాకు బాగా తెలుసు. ఆ చోటును అంత నున్నగా చేసింది నేనేగా.

"పెట్టండి బాబాయిగారూ."

ఆయన ఎడంచెయ్యి కమ్మీ మీదికి వెళ్ళింది. బూటు కొస నా వేళ్ళను తాకి ఆగింది. "ఏంది సార్, చెయ్యా?" అన్నాడు.

"చెయ్యే. పెట్టండి."

బూటు కాస్త అటూ ఇటూ కదిలింది. "కొంచెం కిందికి వెట్టినవ్. వాడు రెండు వేళ్ళంత పైకి వెట్టిండు."

నేను చేతుల్ని రెండు వేళ్ళ మందం పైకి ఎత్తాను. నోట్‌బుక్‌లో కొలత చూసుకోలేదు. ఆయన కాలికంటే అది ఎక్కువ నిజం కాదు.

"ఆ, గంతే," అన్నాడు ఆయన, వెంటనే మనిషి బరువంతా నా చేతుల మీదికి వచ్చింది. అన్న వెనక నుంచి నడుం పట్టుకున్నాడు. భాయ్ అవతలి తలుపు నుంచి క్యాబిన్‌లోకి ఎక్కి చెయ్యి అందించాడు. ఆయన ఒకటో మెట్టు, రెండో మెట్టు, మూడో మెట్టు ఎక్కి డ్రైవరు సీటులో కూర్చున్నాడు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని చాలాసేపు అద్దంలోంచి ముందుకు చూస్తూ ఉండిపోయాడు. ముందున్నది గోదాము గోడ, ఆయనకు అదీ కనబడదు. ఇంజను స్టార్ట్ చేద్దామా అని అన్న అడిగితే వద్దని తల ఊపాడు. కింద కూతురు పైట కొంగుతో మొహం తుడుచుకుంటోంది. నేను మోకాలి మీది నుంచి లేవలేదు. నా చేతులకు ఆయన బూటు మట్టి అంటుకుని ఉంది, దులుపుకోవాలనిపించలేదు.

"ఇగ దిగుత," అని పైనుంచి వినబడింది.

నేను చేతులు మళ్ళీ అక్కడే, అంతే ఎత్తున పట్టాను. ఆయన వెనక్కి తిరిగి, కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగుతూ వచ్చాడు. కింది మెట్టు మీద ఆగి, కుడికాలు కిందికి వదిలాడు. ఈసారి ఆ కాలు గాల్లో వెతకలేదు. నేరుగా వచ్చి నా చేతుల్లో ఆనింది.